రాత్రి డ్యూటీ ఆయనది

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి జవాబు రాస్తున్నాను. మూడూ ఒకే బాధ చుట్టూ తిరుగుతున్నాయి. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకున్నాను. అందులో ఆ సోదరి అడిగింది ఒకప్పుడు నేనూ అడిగిందే.

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. నాకు 36 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను, ఒక బాబు. చిన్న విషయం దొరికితే చాలు, రాత్రంతా అదే తిరుగుతుంది నా తలలో. పోయిన నెల మా ఆఫీసులో పైఅధికారికి ఒక మెసేజ్ పెట్టాను. ఆవిడ ఎప్పుడూ ‘సరే అమ్మా’ అని జవాబిస్తారు. ఆ రోజు ‘సరే’ అని మాత్రమే వచ్చింది. ఆ ‘అమ్మా’ ఎందుకు లేదు, నేనేం తప్పు రాశాను అని మూడు రాత్రులు నిద్రలేదు. బాబు రెండుసార్లు దగ్గితే చాలు, ఆసుపత్రి దాకా వెళ్లిపోతుంది మనసు. ప్రార్థన కూటంలో ఈ సంగతి చెప్పుకుంటే ఒకావిడ, ‘దేని గురించీ చింతపడొద్దని వాక్యంలో ఉంది కదా, చింతపడటం అవిశ్వాసం’ అన్నారు. అప్పటినుంచి పాత ఆలోచనలకు ఇంకొకటి తోడైంది. ఇలా ఆలోచిస్తున్నందుకు దేవుడు నా మీద కోపంగా ఉన్నాడేమోనని భయం. నా విశ్వాసం నిజమైనదేనా?

జవాబు: అమ్మా, ముందు ఆ చివరి భయం సంగతి చూద్దాం. మిగతా ఆలోచనలన్నిటికంటే అదే మీ మీద ఎక్కువ బరువు పెట్టిందనిపిస్తోంది.

ఆవిడ చెప్పిన వాక్యం ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 6వ వచనం. ‘దేనినిగూర్చియు చింతపడకుడి’ అని మొదలవుతుంది. అదే పత్రికలో రెండు అధ్యాయాలు వెనక్కి వెళ్లి 2:20 చదవండి. ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు తన సహచరుడు తిమోతిని మెచ్చుకుంటూ, ‘మీ క్షేమవిషయమై నిజముగా చింతించువాడు’ అతనిలాంటివాడు ఇంకొకడు తన దగ్గర లేడంటాడు. తెలుగులో రెండు చోట్లా చింతే. గ్రీకులోనూ రెండు చోట్లా ఒకే క్రియ, మెరిమ్నావో. ఇక కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 11వ అధ్యాయంలో తాను తిన్న దెబ్బలు, ఓడ పగిలిపోవడం, సముద్రంలో గడిపిన ఒక రాత్రీ పగలూ అన్నీ చెప్పాక, వీటితోపాటు ‘సంఘములన్నిటినిగూర్చిన చింతయు కలదు’ అని, ఆ భారం రోజూ తన మీద ఉందని ఒప్పుకుంటాడు. పౌలుకు విశ్వాసం లేదని మనలో ఎవరైనా అనగలరా? మీ బాబు దగ్గు విని మీ గుండె ఝల్లుమంటే దానికి అవిశ్వాసమని పేరు పెట్టకండి. మీరు తల్లి కాబట్టి అలా అవుతుంది.

ఆ వచనాన్ని మందలింపులా చదివేవాళ్లు సాధారణంగా మొదటి ముక్క దగ్గరే ఆగిపోతారు. ఆ తర్వాత ‘గాని’ అని ఉంది. ‘గాని ప్రతి విషయములోను ప్రార్థన విజ్ఞాపనములచేత కృతజ్ఞతాపూర్వకముగా మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి.’ అంటే చింతను ఎక్కడికి తీసుకెళ్లాలో చెబుతున్నాడు. తర్వాతి వచనంలో, దేవుని సమాధానం మీ హృదయాలకూ తలంపులకూ ‘కావలియుండును’ అంటాడు. ఈ పత్రిక రాసేటప్పుడు పౌలు బంధకాల్లో ఉన్నాడు, చుట్టూ సైనికులు. కావలి అంటే ఏమిటో ఆయనకు రోజూ కళ్లెదుట ఉన్నదే. ఈ మాట నాకెంతో ధైర్యాన్నిచ్చింది. కావలి పెట్టారంటే బయట ఏదో తిరుగుతోందనే కదా. ఏ ఆలోచనా రాని మనసుకు కావలితో పనేముంది? అందుకే, ఆలోచనలు రావడం ఆగిపోతేనే నాకు సమాధానం దొరికినట్టు అనుకోవడం మానేశాను.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. నేను ముప్పై ఒక్క ఏళ్లు నర్సుగా పనిచేశాను, అందులో సగానికి పైగా నైట్ డ్యూటీలే. ఉద్యోగంలో చేరిన రెండో ఏట ఒక తెల్లవారుజామున ఒక పెద్దాయనకు ఇన్సులిన్ ఇచ్చాను. డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడ్డాక అనుమానం మొదలైంది. పది యూనిట్లే కదా తీసింది? లేక నలభై గీత దాకా లాగానా? వెనక్కి వెళ్లాను. చార్టులో పది అని నా చేతిరాతే ఉంది, ఆయన బెడ్ మీద కూర్చుని మాట్లాడుతున్నారు. మళ్లీ బయటికి వచ్చాను. పది అని రాశాను సరే, తీసింది కూడా పదేనా? మళ్లీ వెళ్లాను. మూడోసారి వెళ్లేసరికి వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్ నన్ను పక్కకు పిలిచారు. ఆవిడ కోప్పడలేదు. రిజిస్టరు తెరిచి చూపించారు. “ఇక్కడ నీ సంతకం ఉంది. కింద పొద్దున వచ్చిన అమ్మాయి సంతకం ఉంది. షుగరు చూసింది, బాగానే ఉంది. ఇప్పుడీ వార్డు ఆమెది. అప్పగించాక కూడా నువ్విక్కడే నిలబడితే ఆమెను నమ్మనట్టు” అన్నారు.

ఆ మాట పని గురించి అన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి మోకాళ్ల మీద ఉన్నప్పుడు గుర్తొచ్చింది. నేను రోజూ ప్రార్థన చేసేదాన్ని. కానీ ఒక్కరోజు కూడా అప్పగించి లేచిన గుర్తు లేదు. అన్నీ దేవునికి చెప్పి, మళ్లీ అన్నీ నెత్తిన పెట్టుకుని పడుకునేదాన్ని.

మాకు డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ అని ఉంటుంది. ‘అందరూ బాగానే ఉన్నారు, చూసుకో’ అంటే అది హ్యాండోవర్ కాదు. ఒక్కొక్క బెడ్ దగ్గరా ఆగాలి. పేషెంటు పేరు, ఏమైంది, నేనేం చేశాను, ఇంకా చేయాల్సింది ఏముంది, దేని మీద కన్నేసి ఉంచాలి. చెప్పాలి, రాయాలి, సంతకం పెట్టాలి, వెళ్లిపోవాలి. అప్పటినుంచి నా రాత్రి ప్రార్థన కూడా అలాగే చేయడం మొదలుపెట్టాను. మీ ఉత్తరాన్నే తీసుకుని ఎలాగో చెబుతాను. ‘ప్రభువా, ఆఫీసులో మేడమ్ నుంచి సరే అని మాత్రమే వచ్చింది. నేను పంపిన లెక్కలు ఒకసారి సరిచూశాను. రేపు పదింటికి వెళ్లి, ఇంకేమైనా మార్చాలా అని అడుగుతాను. ఆవిడ మనసులో ఏముందో నాకు తెలియదు, నీకు తెలుసు.’ అంతే, నాలుగు వాక్యాలు. తర్వాత బాబు. ‘దగ్గు ఉంది, జ్వరం లేదు, పాలు తాగాడు. పొద్దునకు జ్వరం వస్తే డాక్టరుకు చూపిస్తాను. రాత్రంతా వాడి ఊపిరి నీ చేతిలో ఉంది.’ అన్నీ అయ్యాక ‘ఆమేన్’. ఆ మాటను ఇప్పుడు నేను సంతకంలా అంటాను. హెబ్రీలో దాని మూలంలోనే స్థిరమైనది, నమ్మదగినది అనే అర్థం ఉంది.

పేతురు మొదటి పత్రిక 5:7 మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ‘ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి.’ ఇక్కడ ‘వేయుడి’ అన్నచోట ఉన్న గ్రీకు క్రియ కొత్త నిబంధనలో ఇంకొక్కచోటే కనిపిస్తుంది. లూకా 19:35లో, యేసు ఎక్కబోయే గాడిదపిల్ల మీద శిష్యులు తమ బట్టలు వేసినప్పుడు. బట్ట వేశాక దాన్ని మోసేది గాడిదపిల్లే, శిష్యుల భుజాలు ఖాళీ. మన తెలుగు వాక్యంలో ఇంకొకటి కూడా గమనించండి. గ్రీకులో మన చింతకూ దేవుని చింతకూ వేర్వేరు మాటలున్నాయి. తెలుగు చేసినవారు రెండింటికీ ఒకే మాట వాడారు. మీరు బాబు గురించి ఎలా చింతపడతారో, మీ గురించి ఆయన అలా చింతిస్తున్నాడని నాకు చదివిన ప్రతిసారీ వినిపిస్తుంది.

రాసి పెట్టుకోవడం కూడా మంచిదే. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 57 మంది యువతీయువకుల్లో కొందరిని పడుకునే ముందు అయిదు నిమిషాలు రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాయమన్నారు, మిగతావారిని అప్పటికే చేసేసిన పనులు రాయమన్నారు. చేయాల్సినవి రాసినవాళ్లు సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. మా వార్డు రిజిస్టరు చేసే పని కూడా అదే అనిపించింది నాకు. కాగితం మీదికి వెళ్లినదాన్ని బుర్ర పట్టుకుని ఉండక్కర్లేదు.

మొదటి రాత్రే అన్నీ సర్దుకుంటాయని మాత్రం చెప్పను. ఆమేన్ అన్న పది నిమిషాలకే ఆ ‘సరే’ తిరిగి వస్తుంది. అప్పుడు కొత్తగా ప్రార్థన మొదలుపెట్టకండి. దానితో వాదించకండి, తరిమేయాలని కూడా చూడకండి. ‘ఇది అప్పగించేశాను’ అని ఒక్క మాట అనుకుని పక్కకు తిరిగి పడుకోండి. నేను మొదట్లో ఒక్కో రాత్రి ఇరవైసార్లు అనుకునేదాన్ని. కొన్ని నెలలకు తగ్గింది. ఇప్పటికీ కొన్ని రాత్రులు అవసరం పడుతుంది. ‘ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు’ అని 121వ కీర్తనలో ఉంది. రాత్రి డ్యూటీలో కునికిపాట్లు పడకుండా ఉండటానికి ఎంత తంటాలు పడ్డానో నాకు తెలుసు కాబట్టి, ఆ వాక్యం నాకు చాలా సొంతం.

మీరు నిద్ర గురించి రాశారు గానీ తిండి గురించి రాయలేదు. అడగాలనిపించింది. ప్రవక్త ఏలీయా చచ్చిపోతే బాగుండునని బదరీవృక్షం కింద పడిపోయినప్పుడు దేవుడు ముందుగా ప్రసంగం వినిపించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి తినిపించాడు, నీళ్లు తాగించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ‘నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది’ అని దూత అన్నది రెండోసారి లేపినప్పుడు. మాటలు ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. రాత్రి రెండింటికి వార్డులో ఏ పేషెంటు బాధ అయినా పొద్దున ఎనిమిదింటికంటే రెట్టింపుగా ఉండేది. కాబట్టి రాత్రి రెండింటికి మీ జీవితం గురించి మీరు తీర్చే తీర్పులను నమ్మకండి.

ఇంకొక్క మాట. ఆ మేడమ్‌ను మీరు ఇంకా అడగనే లేదనుకుంటాను. అడగండి.

ప్రశ్న: అమ్మగారూ, నా వయసు 24. ఒక ఉద్యోగం వచ్చింది, పైచదువుకు సీటు కూడా వచ్చింది. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి. దేవుని చిత్తం తెలియాలని రోజూ రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా ప్రార్థిస్తున్నాను. బైబిలు తెరిచి కళ్లకు కనబడిన వచనాన్ని సూచనగా తీసుకుంటున్నాను. ఒకరోజు ‘వెళ్లు’ అని వస్తుంది, ఇంకోరోజు ‘నిలిచియుండుము’ అని వస్తుంది. లేచేసరికి ముందుకంటే టెన్షన్ ఎక్కువవుతోంది. ప్రార్థన చేస్తే మనశ్శాంతి రావాలి కదా?

జవాబు: బాబూ, నీ ఆశ మంచిది. కానీ ఆ రెండు గంటలూ నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావో ఒకసారి నెమ్మదిగా చూసుకో. కళ్లు మూసుకుని, మోకాళ్ల మీదే ఉండి, మనతో మనమే మాట్లాడుకోవడం జరుగుతుంటుంది. నాకూ చాలాసార్లు జరిగింది. ‘ప్రభువా’ అని మొదలవుతుంది, రెండు నిమిషాలకు ‘ఒకవేళ అలా అయితే, ఒకవేళ ఇలా అయితే’ లోకి జారిపోతుంది. పేరుకు ప్రార్థనే అయినా లోపల నడిచేది పాత ఆలోచనే.

యూదా రాజు హిజ్కియాను చూడు. అష్షూరు రాజు సన్హెరీబు దగ్గర నుంచి బెదిరింపు ఉత్తరం వచ్చింది. ఊళ్లన్నీ పడిపోయాయి, ఇక యెరూషలేము వంతు. హిజ్కియా ఆ ఉత్తరం చదివి, తీసుకుని మందిరానికి వెళ్లి, దేవుని ముందు విప్పి పరిచాడు. రాజులు రెండవ గ్రంథం 19వ అధ్యాయం. ఆ తర్వాత చేసిన ప్రార్థన అయిదు వచనాలే. నీ దగ్గరా రెండు ఉత్తరాలున్నాయి కదా, ఉద్యోగానిది ఒకటి, సీటుది ఒకటి. ఈ రాత్రి వాటిని మంచం మీద పక్కపక్కన పరిచి, ఒక్కోదానిలో నీకు ఇష్టమైనదేమిటో, భయమేస్తున్నదేమిటో పైకి చెప్పు. పదిహేను నిమిషాలు చాలు. తర్వాత మడిచి లోపల పెట్టేసి లే.

మళ్లీ మళ్లీ అడగడం తప్పని కాదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువు ‘ఆ మాటలే చెప్పుచు’ మూడుసార్లు ప్రార్థించాడు. ఎంత వేదనలో ఉన్నాడో మనకు తెలుసు. మూడోసారి అయ్యాక శిష్యుల దగ్గరికి వచ్చి ‘లెండి వెళ్లుదము’ అన్నాడు. ఆ లేవడం నీ ప్రార్థనలో లేదు.

కళ్లకు కనబడిన వచనాన్ని పట్టుకోవడం ఇవాళ్టితో ఆపెయ్యి. ఇది గట్టిగానే చెబుతున్నాను. అలా చదివితే దేవుని మాట చీటీలు తీసే ఆటలా అయిపోతుంది. నీ ఆలోచనలకు తిరగడానికి కొత్త దారి దొరుకుతుంది, అంతే. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం మాత్రం మొదటినుంచి వరసగా చదువు. పౌలు బృందం ఆసియలో (ఇప్పటి టర్కీలో ఒక భాగం) వాక్యం చెప్పాలనుకుంది, పరిశుద్ధాత్మ వద్దన్నాడు. బితూనియకు వెళ్లబోయారు, అదీ కాలేదు. అయినా ఇంట్లో కూర్చోలేదు, నడుస్తూనే త్రోయ దాకా వచ్చారు. అక్కడ రాత్రి పౌలుకు దర్శనం వచ్చింది, మాసిదోనియకు దాటారు. అలా చేరిన ఊరు ఫిలిప్పీ. తర్వాత ‘చింతపడకుడి’ అని ఉత్తరం రాసింది ఆ ఊరి సంఘానికే. ముందు అనుకున్న రెండు దారులూ మూసుకుపోకపోతే ఆ స్నేహమే లేదు.

నువ్వు తప్పు దారి తీసుకుంటే దేవుడు నిన్ను వదిలేస్తాడన్న భయం నీ ఉత్తరం అడుగున కనిపిస్తోంది నాకు. ఆయన అలాంటివాడు కాడు, నాన్నా. రెండూ మంచి దారులే అయినప్పుడు, నిన్ను బాగా తెలిసిన ఇద్దరు పెద్దవాళ్లను అడుగు. పదిమందిని వద్దు. నెలాఖరు దాకా ఆగకుండా అంతకు వారం ముందే ఒక తేదీ పెట్టుకుని ఆ రోజు జవాబు పంపించు. ఆ రెండు గంటల్లో మిగిలిన గంటా ముప్పావు నిద్రపో.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఏడాదిగా ఆలోచనలు ఆగవు, గుండె దడ, నిద్ర లేదు. మానసిక వైద్యుడు మాత్రలిచ్చారు. రెండు నెలలుగా వేసుకుంటే కాస్త తేలిక. ‘విశ్వాసి మాత్రలతో సమాధానం కొనుక్కోవడమేమిటి, ఆపేసి ఉపవాసం ఉండండి’ అని మా బంధువు ఒకరు ఒత్తిడి చేస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నయ్యగారూ, మాత్రలు ఆపకండి. వీటిలో చాలావాటిని ఒక్కసారిగా మానేస్తే ఒంటికీ మనసుకూ ఇబ్బంది అవుతుంది. తగ్గించాలన్నా, ఆపాలన్నా, ఉపవాసం ఉండాలన్నా మీ డాక్టరుతో మాట్లాడాకే. కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు తన వెంట ఉన్న లూకాను ‘ప్రియుడైన వైద్యుడు’ అనే పిలిచాడు. షుగరుకు మందు వేసుకుంటే ఎవరూ మన విశ్వాసాన్ని అడగరు. మనసుకు వేసుకునే మందును కూడా అలాగే చూడండి.

ఇంగ్లండులో పేరుపొందిన ప్రసంగీకుడు ఛార్లెస్ స్పర్జన్ పేరు మీరు వినే ఉంటారు. 1856 అక్టోబరు 19న లండన్‌లోని సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాలులో ఆయన ప్రసంగిస్తుండగా ఎవరో మంటలని అరిచారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆయనకప్పుడు 22 ఏళ్లు. ఆ దెబ్బ నుంచి ఆయన మనసు పూర్తిగా తేరుకోలేదు. జీవితమంతా కుంగుబాటు వచ్చి పోతూనే ఉండేది. ఆయన దాన్ని దాచుకోలేదు, ప్రసంగాల్లోనే చెప్పేవాడు. చలికాలాల్లో పని ఆపి దక్షిణ ఫ్రాన్స్‌లోని మెంటన్‌కు వెళ్లి విశ్రాంతి తీసుకునేవాడు. వేలమందికి సువార్త చెప్పిన మనిషి ఆయన.

మీ బంధువు మీ మంచి కోరే అని ఉంటారు. వారితో వాదన పెట్టుకోకుండా ‘నా కోసం ప్రార్థించండి’ అని మాత్రం అనండి. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం పొద్దున దాకా ఆగకండి. ఆ రాత్రే ఇంట్లోవాళ్లను లేపి చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈసారి డాక్టరును కలిసేటప్పుడు గుండె దడ ఏ వేళ ఎక్కువగా ఉంటోందో, ఎన్ని గంటలు నిద్ర పడుతోందో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. వీలైతే మీ ఇంట్లోవాళ్లలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. లోపల విన్నవాటిలో సగం బయటికి వచ్చేసరికి మర్చిపోతాం.